గరివిడి ఏ పేజీలో ఉంది? – పాఠ్యపుస్తకాల పెద్దలకు బహిరంగ లేఖ

రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి సంచాలకులకు,
సాంఘిక శాస్త్రం పాఠ్యపుస్తకాల బాధ్యత చూస్తున్న పెద్దలందరికీ,



మీరు మా పిల్లల చేతికిచ్చిన పదో తరగతి సాంఘిక శాస్త్రం పుస్తకంలో ఒక ఓడ బొమ్మ ఉంది. రిడ్లీ అనే చిత్రకారుడు 1869లో వేసింది. అమెరికాకు వలసపోయే జనం ఆ ఓడలో ఉన్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో దాదాపు 5 కోట్ల మంది యూరప్ విడిచి అమెరికాకు, ఆస్ట్రేలియాకు వెళ్ళారని ఆ పాఠం చెబుతుంది. గరివిడి పిల్లలు ఆ అంకెను బట్టీ పడతారు, పరీక్షలో రాస్తారు, మార్కు తెచ్చుకుంటారు. సంతోషం. ఆ పిల్లల తాతలకు తాతలు భీమిలిలోనో, కళింగపట్నంలోనో, విశాఖలోనో ఓడెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళారు. ఆ ఓడ బొమ్మ ఏ పేజీలో ఉందో చెప్పగలరా?

అమెరికా పాఠం తీసెయ్యమని నేను అడగను. అది ఉండాల్సిందే. బోధించినన్నాళ్ళూ ఇష్టంగా చెప్పిన పాఠం అది. నా ఫిర్యాదల్లా ఆ కథను సగమే చెప్పారని. ఫ్యాక్టరీలు, రైళ్ళు, వలసలు, కొత్త భూముల ఆక్రమణ – ఈ నాలుగూ కలిసి పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికా సమాజాన్ని తలకిందులు చేశాయి. అవే నాలుగూ అదే ఏళ్ళలో మా జిల్లాలోనూ జరిగాయి. ఇది మీకు తెలియదనుకోను. తెలిసి వదిలేశారు. అందుకే ఈ ఉత్తరం.

జాతీయ పుస్తకాన్ని యథాతథంగా తెచ్చుకోవాలని ప్రభుత్వం నిర్ణయించింది, మాదేముంది అంటారేమో. అనువదించి, అచ్చు వేయించి, బడికి చేర్చే చేతులు మీవే కదా. అంతకుముందు మన రాష్ట్రం తానే రాయించుకున్న పదో తరగతి పుస్తకంలో ప్రజల వలసల మీద ఒక అధ్యాయమే ఉండేది. చెరకు కోతకు ఊరొదిలే కూలీల బతుకు అందులో ఉండేది. ఆ పాఠం నడుస్తుంటే వెనక బెంచీలోంచి ఎవడో ఒకడు తలెత్తి ‘మా నాన్న కూడా అలాగే ఎల్నాడు మేస్టారూ’ అనేవాడు. పుస్తకం మారాక ఆ అధ్యాయం పోయింది. దాని చోట ఏం పెట్టారు? పెట్టే అధికారం మీకు లేదా? లేక పెట్టాలని అనిపించలేదా?

ఒక్క ఏడాది తీసుకుని చూద్దాం. 1892 అనగానే మా జిల్లాలో నాలుగు ముక్కలు చదువుకున్నవాళ్ళు ఎవరైనా విజయనగరంలో కన్యాశుల్కం మొదటిసారి ఆడిన ఏడాది అంటారు. సరే. ఆ ఏడాది జనవరి 1న న్యూయార్క్ రేవులో ఎల్లిస్ దీవి తలుపులు తెరిచారు. తర్వాతి ఆరు దశాబ్దాల్లో కోటీ ఇరవై లక్షల మంది ఆ గుమ్మం దాటి అమెరికాలో అడుగుపెట్టారు. జూలైలో పిట్స్‌బర్గ్ పక్కన హోమ్‌స్టెడ్‌లో కార్నెగీ ఉక్కు కర్మాగారం కార్మికులకూ, యాజమాన్యం దింపిన పింకర్టన్ కిరాయి బలగానికీ మధ్య నది ఒడ్డున తుపాకులు పేలాయి. సరిగ్గా అప్పుడే విశాఖపట్నం జిల్లాలో, అంటే అప్పట్లో మనమంతా ఉన్న జిల్లాలో, మాంగనీసు రాయి తవ్వడం మొదలైంది. తొలి ఏడాది తవ్వింది 674 టన్నులు. భారతదేశంలో మాంగనీసు పరిశ్రమ పుట్టుక అదే. నాగపూర్ వైపు గనులు కూడా అందుకునే సరికి, 1900లో, దేశం మొత్తం మీద అది 92 వేల టన్నులు దాటింది.

మాంగనీసు ఎందుకు కావాల్సొచ్చిందో మీ పుస్తకమే సగం చెప్పింది. టన్ను ఉక్కుకు దాదాపు 10 కిలోల మాంగనీసు పడుతుందని భూగోళం పాఠంలో రాశారు. ఆ పది కిలోలు ఎవరు తవ్వారో చరిత్ర పాఠంలో రాయలేదు. భూగోళం పిరియడులో రాయి ఉంటుంది, చరిత్ర పిరియడులో మనిషి ఉండడు. ఇదెక్కడి పద్ధతి?

బెస్సెమర్ 1856లో చవగ్గా ఉక్కు చేసే దారి కనిపెట్టాడు. కానీ ఆ ఉక్కు మొదట్లో పెళుసుగా విరిగేది. రాబర్ట్ మషెట్ అనే ఆయన మాంగనీసు ఉన్న ఇనుమును అందులో కలిపాకే అది పట్టాలకు పనికొచ్చింది. 1882లో హాడ్‌ఫీల్డ్ మాంగనీసు పాలు బాగా పెంచి ఇంకో రకం ఉక్కు తీశాడు. దెబ్బ తగిలినకొద్దీ గట్టిపడడం దాని గుణం. రైలు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట, చక్రం తగిలి తగిలి మామూలు ఉక్కు అరిగిపోయే చోట, దాన్ని బిగించారు. అమెరికా పడమటికి పోయింది రైలు మీద. రైలు పోయింది ఉక్కు మీద. ఆ ఉక్కుకు మాంగనీసు లేనిదే గడవదు, ఆ రాయి అమెరికాలో అక్కరకు తగినంత దొరకదు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళకల్లా రష్యా, బ్రెజిల్‌లతో పాటు భారతదేశం నుంచి కూడా వాళ్ళు తెప్పించుకుంటున్నారు. అమెరికా పారిశ్రామిక చరిత్ర చెబుతూ చెబుతూ గురువు ఒక్క క్షణం ఆగి కిటికీలోంచి బయటికి చెయ్యి చూపించగల ఊళ్ళు ఈ రాష్ట్రంలో ఎన్ని ఉన్నాయి? మా బడికి ఆ అదృష్టం ఉంది. చూపించడానికి పుస్తకంలో ఒక్క వాక్యమైనా ఆసరా లేదు.

కోడూరు పక్క పాత గోతుల దగ్గర ఆ రాయి ఇప్పటికీ దొరుకుతుంది. పిడికిట్లో ఇమిడే ముక్క తీసుకుంటే కంటికి ఆనినదానికంటే బరువు ఎక్కువ తూగుతుంది. నల్లగా, అక్కడక్కడా ఉక్కు మెరుపుతో ఉంటుంది. కాసేపు పట్టుకుంటే అరచేతికి మసి అంటుతుంది. సబ్బు పెట్టి తోమినా గోళ్ళ సందుల్లో మర్నాటిదాకా కనిపిస్తుంది. ఆ రాయిని గునపంతో పెళ్ళగించినవాళ్ళు మగవాళ్ళు. సుత్తితో పగలగొట్టి, చెత్తరాయి ఏరేసి, మేలురాయి తట్టకెత్తి మోసినవాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళు. తొలి రాయి తవ్వేనాటికి ఈ తీరం వెంట రైలు మార్గం ఇంకా పూర్తి కాలేదు. తర్వాత మూడు నాలుగేళ్ళలో అది వచ్చింది. ఆ పట్టా మీదే గరివిడి స్టేషను.

ఇక్కడొక చిన్న విచిత్రం చెప్పకుండా ఉండలేను. అమెరికా పడమటి సరిహద్దు ముగిసిపోయిందని, ఆ సరిహద్దే అమెరికన్ స్వభావాన్ని తయారుచేసిందని 1893లో వ్యాసం చదివి పేరు తెచ్చుకున్న చరిత్రకారుడి పేరు టర్నర్. మా జిల్లాలో మాంగనీసు తవ్వకానికి ఆద్యుడు, అంతకుముందు ఇదే జిల్లాకు కలెక్టరుగా చేసిన దొర పేరు కూడా టర్నరే. విశాఖలో ఆయన పేరిట సత్రం ఉంది. ఇద్దరికీ చుట్టరికం లేదు. మొదటి టర్నర్ గురించి మా ఎమ్మే పిల్లలు పేజీలకు పేజీలు రాస్తారు. రెండో టర్నర్ ఎవరో ఆ సత్రం ముందు బస్సు కోసం నిలబడినవాళ్ళకు తెలియదు. నిన్నటిదాకా జిల్లా ఏలిన మనిషి ఇవాళ అదే జిల్లాలో గని తవ్వించడం మంచిదా చెడ్డదా అని పదిహేనేళ్ళ పిల్ల చేత ఆలోచింపజెయ్యడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది?

శాస్త్రవేత్తలు మీలా చెయ్యలేదు. ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1909లో భారతదేశపు మాంగనీసు మీద వెయ్యి పేజీలు దాటిన గ్రంథం అచ్చువేశాడు. అందులో కోడూరు, గర్భాం, గరివిడి, పేరాపి, దేవాడ – మా ఊళ్ళన్నీ ఉన్నాయి. కోడూరు పేరు మీద ఒక రాతికి కోడూరైట్ అని పేరే పెట్టాడు. గరివిడిలో దొరికిన ఒక ఖనిజానికి తోటి శాస్త్రవేత్త పేరు మీద వ్రెడెన్‌బర్గైట్ అన్నాడు. ప్రపంచంలో ఏ మూల భూగర్భ శాస్త్రం చదివేవాడైనా కోడూరు పేరు చూస్తాడు. కోడూరు బడిలో పిల్ల మాత్రం ఆ పేరు పుస్తకంలో చూడదు.

ఇక మనుషుల సంగతి. మీ పుస్తకం ఒప్పంద కూలీల గురించి చెబుతుంది. వాళ్ళు తూర్పు ఉత్తరప్రదేశ్, బీహార్, మధ్య భారతం, తమిళనాడు మెట్ట జిల్లాల నుంచి వెళ్ళారంటుంది. ఆగ్నేయాసియాలో వ్యవసాయానికి పెట్టుబడి పెట్టిన నాట్టుకోట్టై చెట్టియార్ల పేరు కూడా ఉంది. అప్పు ఇచ్చినవాడికి చోటుంది. రంగూన్ రేవులో బియ్యం బస్తా మోసినవాడికి లేదు. ఆ బస్తా మోసిన వీపుల్లో ఎక్కువ తెలుగు వీపులు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాలవి. బర్మాలో వాళ్ళని కోరంగీలు అనేవారు, మన కోరంగి రేవు పేరుతో. మొత్తం దేశానికి ఒకే పుస్తకం రాసినవాళ్ళకి ఆ వివరం తప్పిపోవచ్చు. తెలుగులోకి మార్చేటప్పుడు మీకెలా తప్పిపోయింది? ‘తమిళనాడు’ అని రాస్తున్న కలం ఒక్క క్షణం ఆగలేదా?

వలస ఎలా జరిగేదో పిల్లలకు చెప్పడం కష్టమేమీ కాదు. కరువు సంవత్సరం. పంట పోయింది, షావుకారు బాకీ పెరిగింది. ఊళ్ళోకి మేస్త్రి వస్తాడు. ఓడ చార్జీ తానే పెడతానంటాడు, ఇంట్లో ఖర్చుకు కొంత ముందే ఇస్తాడు. రేవులో దిగినప్పటి నుంచి కూలి మేస్త్రి చేతి మీదుగానే వస్తుంది. ముందిచ్చింది, దాని మీద వడ్డీ, తిండి, చోటు అన్నీ పోగా మిగిలింది చేతికి. మళ్ళీ వచ్చే ఏడాది వెళ్ళక తప్పని లెక్క అది. న్యూయార్కులో దిగిన ఇటలీ కూలీలు కూడా ఇలాంటి మేస్త్రుల చేతుల్లోనే ఉండేవారు. పాద్రోనే అనేవారు వాళ్ళని. రెండూ పక్కపక్కన పెట్టి చెబితే, పరీక్ష కోసం కాకపోయినా, ఇంట్లో ఇప్పుడు ఫోన్ చేస్తున్న లేబర్ మేస్త్రి ఎవరో పిల్లాడికి అర్థమవుతుంది.

1920ల చివరి ఏళ్ళలో రంగూన్ రేవులో ఏటా నాలుగు లక్షలకు పైగా మనుషులు దిగేవారు. వలస జనం దిగే రేవుల్లో అది న్యూయార్కునే మించిందని చరిత్రకారులు రాశారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ పట్నంలో సగానికి పైగా భారతీయులే. యూరప్ నుంచి అమెరికా వెళ్ళినవాళ్ళ గురించి రాసే పుస్తకంలో, న్యూయార్కును దాటిపోయిన రేవు గురించి, అందులోనూ మన వాళ్ళే దిగిన రేవు గురించి, రెండు వాక్యాలు పట్టలేదా?

వలస వెళ్ళినవాడి మీద స్థానికుడికి కోపం ఎందుకొస్తుంది, ఆ కోపంతో లాభపడేదెవరు అన్నది ఇప్పటి పిల్లలకు తప్పక తెలియాల్సిన విషయం. అమెరికాలో 1885 సెప్టెంబరులో వయోమింగ్‌లోని రాక్ స్ప్రింగ్స్ బొగ్గు గనుల దగ్గర తెల్ల కార్మికులు చైనా కార్మికుల మీద పడి 28 మందిని చంపారు. అంతకు మూడేళ్ళ ముందే చైనా కూలీలు దేశంలోకి రాకుండా చట్టం చేశారు. 1869లో ఖండం ఈ కొస నుంచి ఆ కొసకు రైలు కలిపినప్పుడు పడమటి వైపు పట్టాలు వేసిన చేతులు ఎక్కువగా చైనావాళ్ళవే. ఇది చెప్పి, పక్కనే 1930 మే నెల రంగూన్ చెప్పండి. రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడలకు సరుకు ఎక్కించి దించే స్టీవెడోర్ కంపెనీలు సమ్మె విరగ్గొట్టడానికి బర్మా కూలీలను తెచ్చుకున్నాయి. సమ్మె తీరి తెలుగువాళ్ళు తిరిగి పనిలోకి రాగానే బర్మావాళ్ళని పొమ్మన్నాయి. 26న మొదలైన కొట్లాట పట్నమంతా పాకింది. వంద మందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. పేదవాడికీ పేదవాడికీ మధ్య కత్తి ఎవరు పెట్టారో రెండు కథల్లోనూ ఒకటే జవాబు. ఈ జవాబు పిల్లలకు అక్కర్లేదని మీలో ఎవరు తేల్చారు?

1942లో జపాన్ వాళ్ళు బర్మా మీద పడ్డప్పుడు లక్షల మంది భారతీయులు తిరుగుముఖం పట్టారు. ఓడ దొరకనివాళ్ళు అరకాన్, అస్సాం కొండల మీదుగా నడిచారు. దారిలో కలరాకు, ఆకలికి పోయినవాళ్ళ లెక్క ఎవరి దగ్గరా సరిగ్గా లేదు. నడిచి బతికి వచ్చినవాళ్ళ సంతానం మా జిల్లాల్లో ఉన్నారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అని వాడే ఉంది. అటు వెళ్ళని వాళ్ళు ఉత్తరానికి పోయారు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో పెట్టిన వర్క్‌షాపులోకి, కలకత్తా చుట్టూ ఉన్న జనపనార మిల్లుల్లోకి, జంషెడ్‌పూర్ ఉక్కు ఊరిలోకి. ఖరగ్‌పూర్‌లో ఇవాళ్టికీ వీధికి వీధి తెలుగు వినిపిస్తుంది. 1927లో అక్కడి రైల్వే కార్మికుల సమ్మెకు ముందుండి నడిచిన వి.వి.గిరి తర్వాత రాష్ట్రపతి అయ్యారు. రాష్ట్రపతుల జాబితాలో ఆయన పేరు మీ పిల్లలకు తెలుసు. ఆ సమ్మె తెలుసా?

కొండల గురించి కూడా ఒక మాట. అమెరికా పడమటికి విస్తరించిందంటే అక్కడ అప్పటికే ఉన్నవాళ్ళ భూమి పోయిందని అర్థం. 1862 హోమ్‌స్టెడ్ చట్టం 160 ఎకరాల చొప్పున పంచింది. 1887 డాజ్ చట్టం మూలవాసుల ఉమ్మడి భూమిని ముక్కలు చేసింది. 1890 డిసెంబరులో వూండెడ్ నీ దగ్గర సైన్యం లకోటా జనాన్ని, ఆడవాళ్ళనీ పిల్లల్నీ కూడా, కాల్చిచంపింది. మాకు పడమర అంటే ఏజెన్సీ. 1882 మద్రాసు అటవీ చట్టంతో కొండమీద పోడు నేరమైంది. దిగువ నుంచి షావుకారులు, సారా గుత్తేదార్లు కొండెక్కి సవర, జాతాపు వాళ్ళ భూములు రాయించుకున్నారు. అది ఎంత దూరం పోయిందంటే 1917లో, గంజాం, విశాఖ ఏజెన్సీల్లో గిరిజనుల భూమి బయటివాళ్ళకు బదిలీ కాకుండా, ఆ తెల్లదొరలే చట్టం చెయ్యాల్సొచ్చింది. చట్టం ఉన్నా భూమి జారుతూనే పోయింది. 1960ల చివర శ్రీకాకుళం కొండల్లో లేచిన గిరిజన తిరుగుబాటుకు వేళ్ళు అక్కడున్నాయి. లకోటాల సంగతి చదివి కళ్ళు చెమర్చే పిల్ల, పార్వతీపురం సంతలో పక్కన నిలబడ్డ సవర అవ్వను చూసి ముక్కు మూసుకుంటే తప్పు ఆ పిల్లదా, పుస్తకానిదా?

ఇప్పుడు మీ అభ్యంతరాలు నేనే చెబుతాను.

ప్రతి జిల్లా తన ఊరి కథ పెట్టమంటే పుస్తకం ఎంత లావవుతుంది అంటారు. మా ఊరి గొప్ప చెప్పమని కాదు నేనడిగేది. కోట, రాజు, వీణ, గంటస్తంభం – ఈ గొప్పలకు మా జిల్లాలో కొరత లేదు, చెప్పేవాళ్ళకూ లేదు. ప్రపంచాన్ని మార్చిన ఒక పెద్ద మార్పులో ఈ ప్రాంతం ఏ వైపు నిలబడింది, ఏం ఇచ్చింది, ఏం పోగొట్టుకుంది అన్నది మాత్రమే అడుగుతున్నాను. ఇది గరివిడికి ఎంత పనికొస్తుందో, కోలార్ బంగారు గనుల్లో పనిచేసిన చిత్తూరు కూలీల మనవలకూ అంతే పనికొస్తుంది. పాఠానికి నాలుగు పేజీల అనుబంధం చాలు.

ఆధారాలు కావాలంటారు. ఫెర్మర్ గ్రంథం ఉంది. 1907లో ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు ఉంది. బర్మాకు భారతీయుల వలస మీద 1941లో బాక్స్‌టర్ ఇచ్చిన నివేదిక ఉంది. విశాఖ ఓడరేవు ఎందుకు కట్టారో రేవు చరిత్రే చెబుతుంది. మధ్య భారతపు మాంగనీసు తేలిగ్గా సముద్రం చేరాలని రైల్వే పట్టుబట్టింది, 1933లో రేవు తెరిచారు. ఇవేవీ తాళపత్రాలు కావు. గ్రంథాలయంలో అడిగితే ఇచ్చేవే.

ఇదంతా పాత గొడవ, ఇప్పుడెందుకు అంటారు. పాతదా? ఆ మాంగనీసు కోసమే 1950ల్లో గరివిడిలో ఫేకర్ కంపెనీ వచ్చింది. రాయిని రాయిగానే ఓడెక్కించే రోజులు పోయి, ఇక్కడే కరిగించి ఫెర్రో మాంగనీసు చేసే రోజులొచ్చాయి. ఊరు పెరిగింది, క్వార్టర్లు వెలిశాయి, బడి వచ్చింది. ఫెర్రో అల్లాయిస్ కొలిమికి తిండి కరెంటే. చార్జీ పెరిగినా, సరఫరా కోత పడినా ముందు ఆగిపోయేది ఆ కొలిమి, తర్వాత ఆగిపోయేది కాంట్రాక్టు కూలీ ఇంట్లో పొయ్యి. పక్కన నెల్లిమర్లలో జూట్ మిల్లు కార్మికుల మీద 1994లో పోలీసు కాల్పులు జరిగి మనుషులు పోయారు. హోమ్‌స్టెడ్ నది ఒడ్డు నుంచి నెల్లిమర్ల రైలు పట్టాల దాకా నూట రెండేళ్ళు. ఈ రెంటినీ ఒకే పిరియడులో చెప్పగల పుస్తకం ఉంటే, సమ్మె అంటే ట్రాఫిక్ జామ్ అనుకునే తరం తయారవుతుందా?

మా జిల్లాల పేరు చెప్పగానే ప్రభుత్వ కాగితాల్లో పక్కన పడే మాట ‘వెనుకబడిన’. రెండో మాట ‘వలస’. ఈ రెండు మాటలే పిల్లల చెవిన పడతాయి. కారణం ఎవరూ చెప్పరు. కారణం తెలియని పిల్లాడు ఏమనుకుంటాడు? ‘మాయి ఎల్లిపోయే బతుకులు’ అనుకుంటాడు. తెల్లవారుజామున గరివిడి స్టేషనులో జనరల్ బోగీ కోసం పరిగెత్తే తండ్రిని చూసి, అది తన ఇంటి రాత అనుకుంటాడు. నూట ముప్పై ఏళ్ళుగా ఖనిజం ఒక వైపు, మనిషి ఇంకో వైపు ఈ నేల నుంచి బయటికి వెళ్ళడానికి చట్టాలు, కౌళ్ళు, రైలు మార్గాలు, రేవులు, మేస్త్రులు ఉన్నారని తెలిస్తే, రాత అన్న మాట దగ్గర ఆగడు. ఎవరు రాశారు అని అడుగుతాడు. ఆ ప్రశ్న మీకు ఇబ్బందా?

వలస ఇంకా సముద్రం మీదా సాగుతూనే ఉంది. గుజరాత్ వెరావల్‌కు పోయి చేపల వేటలో ఉండగా పాకిస్తాన్ వాళ్ళ చేతికి చిక్కి, పద్నాలుగు నెలలు కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరిలో విడుదలైన 20 మంది జాలరులు మా శ్రీకాకుళం, విజయనగరం తీరం వాళ్ళే. సొంత తీరంలో హార్బరు, జెట్టీ ఉంటే అంత దూరం ఎందుకు పోతారని వాళ్ళు అప్పుడు అడిగారు, ఇప్పుడూ అడుగుతున్నారు. మొన్న 2025లో ఆ కథతో ‘తండేల్’ అని సినిమా వచ్చింది. హాళ్ళు నిండాయి. పాటలు పాడుకున్నాం. సినిమావాళ్ళకు కనిపించిన విషయం పాఠ్యపుస్తకం వాళ్ళకు కనిపించలేదంటే మా పిల్లలకు మేం ఏం చెప్పుకోవాలి?

అడిగేది సూటిగా అడుగుతాను. పదో తరగతి చరిత్ర పుస్తకానికి రాష్ట్ర అనుబంధం ఒకటి వేయించండి. పారిశ్రామిక యుగం పాఠానికి, వలసల గురించి చెప్పే పాఠానికి చెరో నాలుగు పేజీలు. ఉత్తరాంధ్ర మాంగనీసు, జూట్, రంగూన్, ఖరగ్‌పూర్, అస్సాం తేయాకు తోటలు, ఏజెన్సీ భూములు. రాసే పనికి విశ్వవిద్యాలయాల ప్రొఫెసర్లతో పాటు ఈ జిల్లాల్లో పాఠం చెబుతున్న స్కూలు టీచర్లను కూర్చోబెట్టండి. పిల్లల చేత ఇంట్లో పెద్దవాళ్ళను అడిగించే ప్రాజెక్టు ఒకటి పెట్టండి: మన ఇంట్లో మొదట ఊరొదిలింది ఎవరు, ఎక్కడికి, ఎవరు తీసుకెళ్ళారు, ఎంత పంపేవారు, తిరిగొచ్చారా. రంగం వెళ్ళొచ్చినవాళ్ళ పిల్లలు ఇప్పుడు ఎనభైలు దాటారు. వాళ్ళు చెప్పగలిగింది వాళ్ళతోనే పోతుంది, మీ కమిటీ సమావేశాల కోసం ఆగదు.

ఈ ఉత్తరానికి మర్యాద కోసం ‘పరిశీలిస్తాం’ అని జవాబివ్వకండి. మీ ముందరి వాళ్ళు అది ఇచ్చేవారు. ఏ విద్యా సంవత్సరం నుంచి, ఏ తరగతిలో, ఎన్ని పేజీలు – ఈ మూడూ రాయండి. పెట్టడం కుదరదంటే, ఎందుకు కుదరదో కారణం రాసి సంతకం పెట్టండి. ఆ కారణాన్ని గరివిడి హైస్కూలు పిల్లలకు మేం చదివి వినిపిస్తాం.

ఇట్లు,
సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైన ఒక ఉపాధ్యాయుడు
గరివిడి, విజయనగరం జిల్లా